ప్రొబేషన్‌పై ఇంటికొచ్చాక

శ్రోతలకు నమస్కారం. ప్రొబేషన్ మీద ఇంటికొచ్చినవాళ్లు "కోర్టు వదిలేసింది" అంటుంటారు. వదిలేయలేదండీ. నేరం రుజువైంది, శిక్ష వేయడం మాత్రమే ఆగింది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం మూడేళ్లకు మించని గడువుకు బాండు రాయించుకుని పంపుతారు. ఆ గడువులో ఎప్పుడు పిలిచినా వచ్చి శిక్ష అందుకుంటాననీ, బుద్ధిగా ఉంటాననీ రాసిచ్చిన మాట అది.

దానికి తోడు పర్యవేక్షణ ఉత్తర్వు కూడా ఉంటే, తక్కువలో తక్కువ ఏడాది ప్రొబేషన్ ఆఫీసరు కనిపెట్టి ఉంటాడు. ఎక్కడ కాపురం ఉండాలి, మందు మానాలా అన్న షరతులు అందులోనే ఉండొచ్చు. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఉండే మన తెలుగువాళ్లకు చిక్కొచ్చేది ఇక్కడే. ఒడియా చదవడం రాదు, వేలిముద్ర వేసేసి బస్సెక్కేస్తారు. ఆ ఉత్తర్వులోని షరతులు మనిషికి విడమరిచి చెప్పి, నకలు అతనికొకటి, అతని తరఫున పూచీ ఉన్నవాళ్లుంటే వాళ్లకొకటి ఇవ్వడం కోర్టు పని. అర్థం కాకపోతే అక్కడే అడగండి, మొహమాటం వద్దు.

ఇక వలస సంగతి. మిరప కోతలకనో, కట్టడం పనికనో సరిహద్దు దాటి ఆంధ్రలోకి వెళ్తారు. ఆఫీసరు ఇంటికొస్తే తాళం ఉంటుంది, ఆ సంగతి కోర్టుకు చేరుతుంది. కూలికి వెళ్లడం నేరం కాదు, చెప్పకుండా వెళ్లడమే కొంప ముంచుతుంది. ఎక్కడికి, ఎన్నాళ్లకు, ఏ మేస్త్రీ కింద అని కాగితం మీద రాసి ఆఫీసరుకు ముందే ఇచ్చి, నకలు మీద సంతకం చేయించుకోండి. నివాసం షరతు అడ్డుపడితే ఆ సంతకం ఒక్కటే చాలదు. ఆఫీసరు దరఖాస్తు పెడితే ఎనిమిదో సెక్షన్ కింద కోర్టు షరతు మార్చగలదు. ఆ ఉత్తర్వు వచ్చేదాకా ఊరు కదలకండి.

షరతు తప్పితే తొమ్మిదో సెక్షన్. కోర్టు సమన్లు పంపొచ్చు, నేరుగా వారెంటే ఇవ్వొచ్చు. పూచీదారుకూ పిలుపు వస్తుంది, అతను రాసిచ్చిన సొమ్ముకు ముప్పు. విచారణలో తప్పు తేలితే పాత నేరానికి అప్పుడు శిక్ష వేయొచ్చు. మొదటిసారి తప్పితే, బాండు కొనసాగిస్తూ 50 రూపాయలకు మించని జరిమానాతో సరిపెట్టే వీలుంది. వీలు మాత్రమే, హక్కు కాదు. బస్సు టికెట్టంత సొమ్మని నవ్వుకోకండి, అది గడువులోగా కట్టకపోయినా పాత శిక్ష మెడకు చుట్టుకుంటుంది. పైగా నేర నిర్ధారణ వల్ల కలిగే అనర్హతల నుంచి పన్నెండో సెక్షన్ ఇచ్చే రక్షణ కూడా పోతుంది.

కాబట్టి తప్పు జరిగిందనిపిస్తే దాక్కోవద్దు. వకీలుతో కలిసి మీరే హాజరవండి. జబ్బుచేసి రాలేకపోతే ఆసుపత్రి చీటీ, పని మీద ఇరుక్కుపోతే మేస్త్రీ ఇచ్చిన కూలి లెక్క పట్టుకెళ్లండి. వకీలుకు డబ్బు లేదా? ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. ఫోను నంబరు 15100.