నికాన్ 200-500 రివ్యూ: కొంగలు, గూడబాతులు, ఫ్లెమింగోలకు ఈ లెన్స్ సరిపోతుందా?

నమస్తే అండీ. బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి చూస్తున్నవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒక్కటే, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి ఊళ్ళో, ఒడిశాలోని చిలికా సరస్సులో పక్షులను తీయడానికి ఏ లెన్స్ కొనాలి, లక్షలు పెట్టకుండా పని అవుతుందా అని. అవుతుంది. నికాన్ 200-500 ఎంఎం జూమ్, ఎఫ్/5.6 (ఈ ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది), 2015లో వచ్చిన లెన్స్, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. కొంగలు, గూడబాతులు, ఫ్లెమింగోల లాంటి పెద్ద పక్షులను ఫ్లాష్ లేకుండా ఉన్న వెలుతురులోనే తీసేవాళ్ళకు ఇది చాలు అని నేను గట్టిగా చెబుతాను.

ముందు దీని మీద అందరూ చెప్పే కంప్లెయింట్ చూద్దాం. ఫోకస్ స్లో అంటారు. నిజమే, ఖరీదైన ప్రైమ్ (జూమ్ లేని) లెన్సుల వేగం దీనికి లేదు, చెట్ల మధ్య దూసుకుపోయే చిన్న పిట్టలను పట్టాలంటే కష్టమే. కానీ కొంగ అలా ఎగరదు కదా. రెక్కలు నిదానంగా కొడుతూ, గాలిలో తేలుతూ వస్తుంది, ఏ కొమ్మ మీద వాలబోతోందో కాసేపు ముందే తెలిసిపోతుంది. లెన్స్ పక్కన ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటుంది, దాన్ని 6 మీటర్ల నుంచి ఇన్ఫినిటీ వైపు పెట్టేయండి, దగ్గర ఆకుల మీదికి ఫోకస్ వెళ్ళి వెతుక్కోవడం తగ్గుతుంది.

ఇక జూమ్. చాలామంది 500 కూడా సరిపోదేమో అని టెన్షన్ పడతారు, తేలుకుంచిలో మాత్రం సమస్య దానికి రివర్స్‌లో వస్తుంది. ఇక్కడ ఓపెన్‌బిల్ కొంగలు (ముక్కు మూసినా మధ్యలో సందు ఉండే కొంగలు) ఊరి మధ్యలోనే, ఇళ్ళ పక్క చెట్ల మీద గూళ్ళు పెడతాయి. లెక్క చూడండి, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 500 దగ్గర, 20 మీటర్ల దూరంలో, ఫ్రేములో అడ్డంగా పట్టేది దాదాపు 1.4 మీటర్లే. రెక్కలు చాపిన ఓపెన్‌బిల్ దాదాపు మీటరున్నర ఉంటుంది. అంటే రెక్క కొసలు తెగిపోతాయి. అప్పుడు 300కి రావాలి, అందుకే ఇక్కడ ఫిక్స్‌డ్ 500 కంటే జూమే మేలు. ఒక ఇబ్బంది ఉంది, ఈ జూమ్ రింగ్ చాలా దూరం తిప్పాలి, 200 నుంచి 500కి ఒక్క తిప్పులో వెళ్ళదు. పక్షి దగ్గరికి వచ్చాక తిప్పుదాం అనుకుంటే ఫ్రేము పోతుంది, వచ్చే దారి చూసి ముందే 300 దగ్గర పెట్టుకుని ఉండాలి.

ఇప్పుడు వెలుతురు, నాకు లెన్స్ కంటే ముఖ్యమైన విషయం ఇదే. ఓపెన్‌బిల్స్ తేలుకుంచికి వర్షాలతో పాటు వస్తాయి, గూళ్ళు పెట్టి పిల్లలను పెంచి చలికాలానికి వెళ్ళిపోతాయి. ఊళ్ళో సైబీరియా పక్షులు అంటారు గానీ ఇవి మన దేశపు కొంగలే, నీళ్ళూ నత్తలూ ఎక్కడ ఉంటే అక్కడికి కదులుతాయి. అంటే మనకు దొరికేది వానాకాలం వెలుతురు. మబ్బు పట్టిన రోజు ఇంట్లో కూర్చోకండి, నల్ల రెక్క, తెల్ల ఒళ్ళు రెండింటిలోనూ డీటెయిల్ రావాలంటే మబ్బే మంచిది, నడి ఎండలో ఏదో ఒకటి పోతుంది.

కానీ మబ్బులో వెలుతురు కొలిచే కెమెరా మీటర్ మోసపోతుంది. చెట్టు పైకొమ్మ మీద కొంగ ఉంటే వెనక తెల్లటి ఆకాశం, కెమెరా మొత్తం ఫ్రేమును చీకటి చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 నుంచి ప్లస్ 1.5 స్టాప్ దాకా ఇవ్వాలి (ఒక స్టాప్ పెంచితే వెలుతురు రెట్టింపు, తగ్గిస్తే సగం). అదే కొంగ నాలుగడుగులు కిందికి దిగి ముదురు ఆకుల ముందు కూర్చుంటే తెలుపులో డీటెయిల్ పోతుంది, మైనస్ 0.7 కావాలి. ఒకే చెట్టు, ఒకే పక్షి, కరెక్షన్ మాత్రం పూర్తిగా తిరగబడింది. నిజానికి పక్షి మీద పడే వెలుతురు ఏమీ మారలేదు, వెనకున్నదే మారింది. అందుకని మాన్యువల్‌లోకి వెళ్ళండి, ఆటో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చే సెట్టింగ్) తీసేయండి. షట్టర్ 1/1000, ఎఫ్/5.6, ఐఎస్ఓ 800 దగ్గర మొదలుపెట్టి ఒక ఫోటో తీసి, తెలుపు మీద హైలైట్ వార్నింగ్ (వెలుతురు మరీ ఎక్కువై డీటెయిల్ పోయే చోటు చూపే గుర్తు) మినుకుమనే దాకా పెంచి, అక్కడి నుంచి మూడో వంతు స్టాప్ తగ్గించండి. మబ్బు మారే దాకా ఇక ముట్టుకోనక్కర్లేదు. సాయంత్రం అయ్యేకొద్దీ ఐఎస్ఓ 3200 దాకా వెళ్తుంది, భయపడకండి. మిగతా జూమ్‌లలో చాలావాటికి ఈ చివర ఎఫ్/6.3 వస్తుంది, దీనికి 500లో కూడా 5.6 ఉంటుంది. మూడో వంతు స్టాప్ తేడా చిన్నదే, కానీ చీకటి పడే వేళ ఆ కాస్త కూడా కావాలి.

నిలబడే చోటు గురించి ఒక మాట. పెద్ద పక్షి గాలికి ఎదురుగా వాలుతుంది. వానాకాలం మన దగ్గర గాలి ఎక్కువగా నైరుతి నుంచి, సాయంత్రం సూర్యుడు పడమర. చెట్టుకు నైరుతి వైపు నిలబడితే గాలీ వెలుతురూ రెండూ మన వీపు వైపు, వాలే కొంగ మన వైపే ముఖం పెట్టి రెక్కలు విప్పుతుంది. ముక్కు మధ్యలో ఉండే సందు కావాలంటే మాత్రం పక్క నుంచి, వెనక ఆకాశం ఉండేలా తీయాలి, అప్పుడే అది కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, కాబట్టి గూటిలో ఏది పెద్దదో ఏది పిల్లో ఫోటోలోనే తెలుస్తుంది.

ఆ నైరుతి మూల ఎవరో ఒకరి పెరడే అవుతుంది. "అమ్మా, ఇక్కడ నిలబడి ఫోటో తీసుకోవచ్చా" అని అడగండి, తెలుగులోనైనా ఒడియాలోనైనా. కంపు, రెట్టలు అన్నీ భరిస్తూ ఈ పక్షులను కాపాడుతున్నది ఆ ఇళ్ళవాళ్ళే. ఫ్లాష్ దయచేసి వద్దు. పెద్దది బెదిరి లేచిపోతే గూటిలో పిల్లలు కాకులకూ వానకూ వదిలేసినట్టే.

చలికాలం చిలికాకు వెళ్తే లెక్క మారుతుంది. రంభ ఒడ్డున పొద్దున్నే నిలబడితే ఎండ ఎదురు, సరస్సు మనకు తూర్పు వైపు కదా, పక్షులన్నీ నల్ల బొమ్మలైపోతాయి. ఒడ్డు నుంచైతే సాయంత్రం వెళ్ళండి, పొద్దున పడవలో వెళ్ళి సూర్యుడిని వెనక పెట్టుకోండి. సూర్యుడు వచ్చిన గంటలో 1/1600, ఎఫ్/7.1, ఐఎస్ఓ 400 దగ్గర మొదలుపెట్టొచ్చు. ఎండ తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు నీటి మీద పడ్డ వెలుతురు తిరిగి రెక్కల అడుగుకు తగులుతుంది, ఫ్లెమింగో రెక్కలోని ఎరుపూ నలుపూ అప్పుడు చూడాలి. పది దాటాక నీటి మీద వేడికి గాలి అలలాడుతుంది, ఎంత ఖరీదైన లెన్సైనా షార్ప్‌గా రాదు. కెమెరా లోపల పెట్టేయండి.

చిలికాలోని నలబణ దీవి దగ్గర మాత్రం ఈ లెన్స్ తక్కువే అవుతుంది. అది 1987 నుంచి అభయారణ్యం, దూరం నుంచే చూడాలి, ఒక్క ఫ్లెమింగోను ఫ్రేము నిండా తీయలేం. గుంపును తీయండి, అదీ అందమే. ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు అని బోటు అతన్ని బలవంతపెట్టి గుంపును లేపే పని చేయకండి, ఆ ఫోటో నాకు చూపించినా నేను మెచ్చుకోను. చిలికా ఒడ్డునే ఉన్న మంగళాజోడిలో ఇంజన్ లేని పడవలు, కర్రతో నెడతారు, పక్షులు బెదరవు, 500 హాయిగా సరిపోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్టాండ్‌కు బిగించే కాలర్‌తో కలిపి బరువు దాదాపు 2.3 కిలోలు, చేత్తో గంటసేపు పట్టుకోలేరు, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) తీసుకోండి. జూమ్ చేస్తే బయటికి సాగుతుంది, వానను తట్టుకునే పూర్తి సీలింగ్ లేదు, చిలికా ఉప్పునీటి తుంపర్లకు రెయిన్ కవర్ తప్పనిసరి. ఎగిరే పక్షికి వీఆర్ (చేతి వణుకు తగ్గించే స్విచ్) స్పోర్ట్‌లో, కూర్చున్నదానికి నార్మల్‌లో పెట్టండి. నికాన్ జెడ్ (మిర్రర్‌లెస్) కెమెరా ఉంటే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో పనిచేస్తుంది. బడ్జెట్ ఉంటే 2023లో వచ్చిన జెడ్ 180-600 తీసుకోండి, అది బయటికి సాగదు, పడవలో అది సుఖం. లేదంటే దీన్నే తీసుకుని, మిగిలిన డబ్బు చలికాలంలో మంగళాజోడి పడవలకు పెట్టండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు 500 దగ్గర, ఎఫ్/5.6లో, దూరంగా ఉన్న బోర్డు అక్షరాలు తీసి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాకే డబ్బు ఇవ్వండి.