చెవితో మొదలయ్యే ఇంగ్లీషు

సభకు నమస్కారం.

ఇంగ్లీషు సంభాషణ గురించి మాట్లాడమని మీరు కోరినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది సవర భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న రోజుల్లో సవరల భాష నేర్చుకోవాలని సంకల్పించారు. దానికి అప్పట్లో పాఠ్యపుస్తకాలు లేవు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకొని, అతని నోట విని, తిరిగి పలికి, రాసుకొని నేర్చుకున్నారు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం అలా విన్న మాటల్లోంచి పుట్టింది. మనం ఇంగ్లీషును దీనికి పూర్తిగా తలకిందులుగా నేర్చుకున్నాం. వ్యాకరణం ముందు వచ్చింది, వ్యాసం తరువాత వచ్చింది, చెవి వంతు రాకుండానే చదువు ముగిసింది. అందుకే పత్రికలో సంపాదకీయాన్ని తడుముకోకుండా చదివి అర్థం చేసుకోగల పట్టభద్రులు ఫోనులో అవతలి వారు నాలుగు మాటలు అనేసరికి మౌనం వహిస్తున్నారు.

"వాళ్లు చాలా వేగంగా మాట్లాడతారండీ" అని నా విద్యార్థులు అంటారు. వేగం ఒక్కటే కారణం కాదు. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వంతు కాలం ఇచ్చి పలుకుతాం. పైగా మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. అందుకే బస్, కార్ అన్న మాటలకు కూడా చివర అచ్చు చేర్చి బస్సు, కారు చేసుకున్నాం. ఇంగ్లీషులో మాటకు ఒక చోట బరువు పడుతుంది, మిగిలిన అచ్చులు నలిగిపోతాయి. 'కంఫర్టబుల్' వాడుకలో 'కంఫ్టబుల్' అవుతుంది. 'కప్ ఆఫ్ టీ'లోని 'ఆఫ్' దాదాపు వినిపించదు. 'టు', 'ఫర్', 'అండ్' వంటి చిన్న మాటలన్నిటి గతీ అంతే. ఇందులో వింత ఏమీ లేదు: 'వెళ్లి వస్తాను' మన నోట 'వెళ్లొస్తా' కావడం లేదా? 'ఏమి చేయుచున్నావు' అని పుస్తకంలో నేర్చుకున్న పరదేశి ఒకరు మన విశాఖపట్నం పూర్ణా మార్కెట్లో నిలబడి 'ఏటి సేస్తన్నావు' అన్న మాట వింటే ఎంత తికమకపడతారో ఊహించండి. నూరేళ్లకు పూర్వం పాఠశాలల తనిఖీ అధికారిగా ఈ ప్రాంతానికి వచ్చిన జె.ఎ. ఏట్స్ తెలుగు నేర్చుకుంటూ సరిగ్గా ఈ తేడానే గమనించారు. జనం మాట్లాడే తెలుగును బడిలో ఎందుకు చెప్పరన్న ఆయన ప్రశ్నకు గిడుగు, గురజాడ, ఇక్కడి ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ స్పందించడంతో వ్యావహారిక భాషోద్యమానికి ఊపు వచ్చింది.

ఉచ్చారణ కంటే లోతైన చిక్కు మర్యాదలో ఉంది. మనకు 'అండి' ఉంది, 'ఇస్తారా' ఉంది, 'కాస్త' ఉంది. ఇంట్లోనో అంగడిలోనో 'దయచేసి' అనే వారు అరుదు, అది ప్రకటనల భాష. ఈ మర్యాద అంతటినీ ఇంగ్లీషులో 'కుడ్ యు', 'వుడ్ యు మైండ్' అన్న పలుకుబళ్లు మోస్తాయి. ఓడల వ్యవహారాలు చూసే ఒక ఆఫీసులో కొత్తగా చేరిన నా శిష్యుడిని ఒక విదేశీ కెప్టెన్ ఫోనులో 'వుడ్ యు మైండ్ హోల్డింగ్ ఆన్?' అని అడిగారు. కాస్త ఆగుతారా అన్నదే దాని భావం. మావాడు సమ్మతిగా 'యస్' అన్నాడు. 'మైండ్' అంటే అభ్యంతరపడటం కనుక, ఆగడం తనకు ఇష్టం లేదన్నట్టు కెప్టెన్‌కు వినిపించింది. అనవలసింది 'నాట్ ఎట్ ఆల్'. 'డిడ్‌న్ట్ యు ఈట్?' అన్నప్పుడూ ఇదే ఇబ్బంది: తినకపోతే మనం 'అవును, తినలేదు' అనగలం, ఇంగ్లీషులో 'నో' అనే అనాలి. అన్ని వాక్యాలకూ సరిపోయే మన 'కదా'కు బదులు ప్రతిచోటా 'ఈజ్ ఇట్ నాట్' తగిలించడం కూడా ఈ కోవలోనిదే.

యాస మార్చుకోవాలని నేను అనను. మన గొంతు మనకు ఉండవలసిందే. అయితే మాటలో బరువు ఎక్కడ పడుతుందో తెలియకపోతే ఎదుటివారికి అర్థమే మారిపోవచ్చు.

సాధనకు ఒక్క నిమిషం నిడివి ఉన్న సహజమైన సంభాషణ చాలు. ముందు రాతప్రతి చూడకుండా వినండి. తరువాత చూస్తూ విని, మీ చెవికి అందని చిన్న మాటల కింద గీత గీయండి. ఆపై ఆ గొంతుతో పాటు, అదే లయలో, పైకి పలకండి. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తూ కూడా ఈ పని చేయవచ్చు. విడి మాటల జాబితాలను బట్టీ పట్టడం కంటే 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్' వంటి పలుకుబడిని మొత్తంగా నోటికి తెచ్చుకోవడం మేలు.

ఆ శిష్యుడికి మరునాడు నేను మొదట నేర్పినది, అర్థం కానప్పుడు అవతలి వారిని మళ్లీ చెప్పమని అడిగే మాట: 'సారీ, ఐ డిడ్‌న్ట్ క్యాచ్ దట్.' వారం తరువాత ఫోను చేసి, ఒకే సంభాషణలో దాన్ని మూడుసార్లు వాడాననీ, మూడుసార్లూ కెప్టెన్ ఓపికగా తిరిగి చెప్పారనీ అన్నాడు.