ఒకరా, ఇద్దరా? గొంతు చెబుతుంది

శ్రోతలకు నమస్కారం.

అలాస్కా ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున తరతరాలుగా ఉంటున్నవాళ్లు తమ పేరు ఎలా చెప్పుకుంటారో ముందు వినండి. ఒక్కరైతే ఇఞుపియక్. ఇద్దరైతే ఇఞుపియక్. ముగ్గురైనా, అంతకు మించినా ఇఞుపియత్.

మొదటి రెండూ ఒకటే కదా అనిపించవచ్చు. తెలుగు లిపిలో రాస్తే ఒకటే. వాళ్ల నోట మాత్రం కాదు. ఇద్దరిని చెప్పే మాట చివర ఉన్నది మన ‘కాకి’లో పలికే మామూలు క. ఒక్కరిని చెప్పే మాట చివరి క ఇంకా లోపల పుడుతుంది. నాలుక మొదలు బాగా వెనక్కి జరిగి, కొండనాలుక దగ్గర తగిలి విడుస్తుంది. ఖురాన్ పఠనం శ్రద్ధగా విన్నవారికి ఇది తెలిసిన శబ్దమే. అరబ్బీలో ఖాఫ్ అనే అక్షరం పలికేది అక్కడి నుంచే.

ఇద్దరి కోసం వేరే రూపం ఉండటం సంస్కృతం చదివినవారికి కొత్త కాదు. కానీ ఇక్కడ ఆ తేడా అంతా నోటి లోపల అంగుళం కూడా లేని చోట ఉంది. నాలుక కాస్త ముందుకు జరిగితే చాలు, ఒక మనిషి ఇద్దరైపోతాడు. ఈ సంగతి తెలిసిన రోజే నాకు ఈ భాష మీద ప్రేమ పుట్టింది.

చాలా శబ్దాలు మన నోటికి అలవాటైనవే. అచ్చుల్లో అ, ఇ, ఉ, వాటి దీర్ఘాలు ఉంటే సరిపోతుంది. ఎ, ఒలతో పని లేదు. అడవి దుప్పి జాతికి చెందిన కారిబూను తుత్తు అంటారు. ‘అత్త’ అనేవాళ్లకు ఆ ఒత్తు కష్టమా? మన ష లాంటిదీ వాళ్లకుంది. ఇక మన అక్షరమాలలో పిల్లలు బట్టీపట్టి మరిచిపోయే ఙ, ఞలకు అక్కడ చేతినిండా పని. మగమనిషిని అఙున్ అంటారు. మనకు ఙ ‘అంకె’లో క ముందు దాక్కుని వినిపిస్తుంది. వాళ్లకు అచ్చుతో కలిసి నిలబడుతుంది.

ఒక చోట మాత్రం నేను బోల్తాపడ్డాను. తెలుగును రోమన్ లిపిలో రాసేటప్పుడు ళ కోసం ల అక్షరం కింద చుక్క పెడతారు. ఇఞుపియక్ రాతలోనూ ఆ చుక్క ఉంది. చూడగానే ళ అని చదివేశాను. కాదు. అది నాలుక మధ్యభాగం అంగిలికి ఆనించి పలికే మెత్తని ల, దాదాపు ‘ల్య’.

ఆ మెత్తదనం ఎక్కడిదో తెలుసుకుంటే ఇంకా బాగుంటుంది. ‘ఇకి’ అంటే గాయం, ‘ఇని’ అంటే చోటు. ‘గాయమూ’ అనడానికి ‘లు’ చేరిస్తే ఇకిల్యు అవుతుంది. ‘చోటూ’ అంటే మాత్రం ఇనిలు. రెండింటి చివరా వినిపించేది ఇకారమే. మరి ఒకటి పక్క హల్లును ఎందుకు మెత్తబరిచింది? పూర్వం అవి రెండు వేరు వేరు అచ్చులు. కాలక్రమంలో ఒకటైపోయాయి, జాడ మాత్రం పక్క హల్లు మీద మిగిలింది. మనం ‘చిలుక’ అన్నప్పటి చ, ‘చాప’ అన్నప్పటి చ ఒకటి కావు కదా. ఇకారం పక్కన మన చ కూడా మెత్తబడుతుంది.

కష్టమైనది ఇంకొకటి ఉంది. ల కోసం నాలుక కొన పెట్టిన చోటే పెట్టండి. గొంతు మోగనివ్వకుండా, రెండు పక్కల నుంచి గాలి మాత్రం వదలండి. తుస్సుమన్నట్టు వస్తుంది. అదీ వాళ్ల అక్షరమే, ల మీద అడ్డగీతతో రాస్తారు.

ఈ చుక్కలూ గీతలూ అలంకారం కోసం పెట్టినవి కావు. 1946లో రాయ్ అహ్మావోగక్ అనే ఇఞుపియక్ మతబోధకుడు, భాషావేత్త యూజీన్ నైడాతో కలిసి ఈ రాతను రూపొందించారు. బడిలో సొంత భాష మాట్లాడితే పిల్లల్ని శిక్షించిన రోజులు చూసిన జాతి వాళ్లది. చుక్క తీసేస్తే వాళ్ల మాటే మారిపోతుంది.

అమెరికాలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న పట్టణాన్ని చాలాకాలం బారో అన్నారు. అది బ్రిటన్ నౌకాదళ కార్యాలయంలో పనిచేసిన జాన్ బారో పేరు. 2016లో ఊరివాళ్లు ఓటు వేసి పాత పేరు తెచ్చుకున్నారు. అటు 381, ఇటు 375. ఆరు ఓట్ల తేడాతో ఆ ఊరు మళ్లీ ఉత్కియగ్విక్ అయింది. అందులో మొదటి క కొండనాలుక దగ్గరిది, చివరిది మామూలు క. గ కూడా అక్కడిదే, కానీ తగలకుండా రాసుకుంటూ వస్తుంది. ఉర్దూ తెలిసినవారు ‘గజల్’ అనేటప్పుడు వచ్చే గకు దగ్గర. తొందరపడకుండా అనండి: ఉత్, కి, యగ్, విక్.

వాళ్లు కృతజ్ఞత చెప్పే మాట కుయనక్. మొదటి క, చివరి క, రెండూ లోపలివే. ఇంతసేపు విన్న మీ అందరికీ, కుయనక్.