వెండర్లు ముగ్గురు, మాగ్నెట్ ఒక్కచోటిది: సప్లై రిస్కు లెక్క కట్టడం

[స్క్రీన్: విప్పిన ఎలక్ట్రిక్ స్కూటర్ హబ్ మోటార్ (చక్రంలోనే ఉండే మోటార్)]

రోటార్, అంటే మోటార్‌లో తిరిగే భాగం, దాని లోపలి అంచు చుట్టూ అతికించినవి నియోడిమియం మాగ్నెట్లు. చెన్నై కంపెనీ ఒకటి వీటిని అంబత్తూరు, ఒరగడం, హోసూరు వెండర్ల దగ్గర 40, 35, 25 శాతం చొప్పున కొంటోందనుకుందాం. వెండర్లు ముగ్గురున్నారు కదా అని పర్చేజ్ వాళ్లకు ధీమా.

హెర్ఫిండాల్ సూచీ కడదాం. కొనుగోలు ఎంత తక్కువ చోట్ల మీద ఆధారపడిందో చూపే అంకె ఇది. ఒక్కో వాటాను దాంతోనే హెచ్చించి, అన్నీ కూడాలి. 1600, 1225, 625... మొత్తం 3450. అంతా ఒక్కచోటి నుంచే వస్తే 10,000.

ఇప్పుడు వరద సంగతి. 2015 డిసెంబరు వానలకు చెన్నై చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. అలాంటి వానకు అంబత్తూరు, ఒరగడం రెండూ ఒక్కచోటే. 75కి 5625, హోసూరు 625 కలిపితే 6250.

[స్క్రీన్: బిల్ ఆఫ్ ఎంట్రీ, కంట్రీ ఆఫ్ ఆరిజిన్ గడి]

బిల్ ఆఫ్ ఎంట్రీ అంటే దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో ఇచ్చే పత్రం. ఇన్వాయిస్ మీదుండేది అమ్మినవాడి అడ్రసు. మనకు కావాల్సింది మాగ్నెట్ తయారైన చోటు. వెండరు నసిగితే, ధరలు కనపడకుండా చెరిపేసైనా సరే, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ ఇమ్మనండి. ముగ్గురి సరుకూ చైనాదేనని తేలితే సూచీ 10,000. అక్కడ ఊళ్లు వేరైనా లాభం లేదు. 2025 ఏప్రిల్‌లో డిస్ప్రోసియం, టెర్బియం అనే అరుదైన లోహాలు కలిసిన మాగ్నెట్లకు చైనా పెట్టిన ఎగుమతి లైసెన్సు దేశమంతటికీ వర్తించింది.

కొనుగోలు షీటు ఒకటే, అంకెలు మూడు. అందుకే ఏ ప్రమాదానికో చెప్పకుండా సూచీ ఒక్కటే రిపోర్టులో రాస్తే దానికి విలువ లేదు.

[స్క్రీన్: రోజుల లెక్క]

ఇక రోజులు. స్టాకు 6,000 సెట్లు, రోజు వాడకం 300 అయితే 20 రోజులు నెట్టుకొస్తాం. అవతలి పోర్టులో ఇంకా ఓడెక్కని కంటెయినర్ని ఇందులో కలపకండి, చాలామంది తప్పేది ఇక్కడే. కొత్త వెండరు శాంపిల్, వేడికి అయస్కాంత శక్తి తగ్గుతుందేమోనన్న టెస్టు, ట్రయల్ లాట్, అప్రూవల్ కలిపి 110 రోజులనుకోండి. లోటు 90 రోజులు. స్కూటరుకు 8,000 రూపాయల మిగులు పోతే 300 × 90 × 8,000, అంటే 21 కోట్ల 60 లక్షలు.

పార్టులన్నీ ఉన్న షీటుని ఖర్చు ప్రకారం కాకుండా ఈ నష్టం ప్రకారం సార్ట్ చేయండి. 2011 మార్చి భూకంపానికి జపాన్‌లోని ఒనహామాలో మెర్క్ ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడ తయారయ్యేది పెయింటులో కలిపే మెరుపు పొడి. అది దొరక్క ఫోర్డ్ కొన్ని నలుపు, ఎరుపు రంగుల ఆర్డర్లు ఆపేసింది. ఖర్చు ప్రకారం సార్ట్ చేస్తే అలాంటి పార్టు ఎక్కడో ఆఖరి పేజీలో ఉంటుంది.