రెప్ప వాలితే ఛాతీకి స్కాన్ ఎందుకు?

(తెర మీద: దగ్గరగా ఒక కన్ను. చూపు పైకి నిలిపి ఉంది. పక్కన గడియారంలో 60 సెకన్లు నడుస్తున్నాయి. రెప్ప కొద్దికొద్దిగా కిందికి జారుతోంది.)

పొద్దున బాగానే ఉన్న రెప్ప సాయంత్రానికి వాలిపోతుంది. అన్నం తింటుంటే సగంలోనే దవడ అలిసిపోతుంది. కండరాలు త్వరగా అలిసిపోయే మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బు తీరే ఇది. ఇబ్బంది కంటికి, న్యూరాలజిస్టు రాసేది మాత్రం ఛాతీ సీటీ స్కాన్. అందులో వెతికేది థైమస్ అనే గ్రంథిని.

(యానిమేషన్: రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన, రెండు తమ్మెల గ్రంథి.)

ఎముక మజ్జలో పుట్టిన టీ కణాలకు, అంటే ఒంటిని కాపాడే రోగనిరోధక కణాలకు, వడపోత ఇక్కడే. నూటికి ఐదు కూడా మిగలవు. సొంత ఒంటి మీద తిరగబడేవి ఇక్కడే చచ్చిపోవాలి. అయితే ఇన్సులిన్ తయారయ్యేది పాంక్రియాస్‌లో కదా, దాని మీద తిరగబడే కణాన్ని థైమస్‌లో గుర్తుపట్టడమెలా? ఎయిర్ అనే జన్యువు ఇలాంటి ప్రొటీన్లను థైమస్ కణాల్లోనే కాస్త కాస్త తయారుచేయించి చూపిస్తుంది. దీన్ని 1997లో కనుగొన్నారు.

జల్లెడ దాటినవాటిని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలదీ ఇదే పుట్టిల్లు. పుట్టిన మూడో రోజున థైమస్ తీసేస్తే ఎలుకలకు సొంత ఒంటి మీదే దాడి జరిగే ఆటోఇమ్యూన్ జబ్బులొచ్చాయి. కాపలా కణాలు ఇంకా బయటికి రాకముందే తీసేశారు మరి. ఈ చిక్కుముడి పట్టుకుని వెళ్లిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచికి 2025 వైద్య నోబెల్‌లో వాటా దక్కింది.

మయస్థీనియాలో కథ తిరగబడుతుంది. థైమస్‌లో కండరాన్ని పోలిన కణాలుంటాయి. నరం సంకేతాన్ని కండరం అందుకునే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ వాటి మీదా ఉంటుంది. వాచిన థైమస్‌లో బీ కణాలు గూడు కట్టి, ఆ రిసెప్టర్‌కే యాంటీబాడీలు తయారుచేస్తాయి. నరం నుంచి వచ్చే సంకేతం కండరానికి సరిగా అందదు. నూటికి 10–15 మందిలో థైమోమా అనే గడ్డే ఉంటుంది. గడ్డ ఉంటే మామూలుగా తీసేయాల్సిందే.

గడ్డ లేకపోతే? 2016లో వెలువడిన ట్రయల్‌లో 126 మందిని మూడేళ్లు చూశారు. థైమస్ తీసేసే ఆపరేషన్ చేయించుకున్నవారికి రోజు విడిచి రోజు వేసే ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ సగటున 44 మి.గ్రా. సరిపోయింది, మిగతావారికి 60 పట్టింది. వాళ్లంతా ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ ఉన్నవారే. కండరంలోని మస్క్ అనే మరో ప్రొటీన్‌కు యాంటీబాడీ ఉన్న రకంలో ఈ ఆపరేషన్‌తో పెద్దగా ఫలితం ఉండదు. అందుకే కత్తి పట్టేముందు రక్తపరీక్ష.

ఎక్కువమంది పొరపడేది ఆపరేషన్ తర్వాత. గ్రంథి పోయినా, అప్పటికే బయటికి చేరిన కణాలు యాంటీబాడీలను తయారుచేస్తూనే ఉంటాయి. గుణం కనపడటానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అంతదాకా కండరాలకు సంకేతం బాగా అందేలా చేసే పైరిడోస్టిగ్మిన్ మాత్ర వేళ తప్పకూడదు. జ్వరమొచ్చి మరో డాక్టరు దగ్గరికెళ్తే ముందుగా జబ్బు పేరు చెప్పాలి. సిప్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఊపిరి పీల్చే కండరాలనూ నీరసపరచగలవు.