పోటీ లేని ఆతిథ్యం: 2034 ప్రపంచ కప్‌పై అభిమానుల చర్చ

(స్టూడియో చర్చా కార్యక్రమం లిఖిత ప్రతి. పాల్గొన్నవారు: హైదరాబాద్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ శిక్షణ ఇచ్చే ఒక అభిమాని, ఖతర్‌లో భవన నిర్మాణ పనులు చేసి తిరిగివచ్చిన జగిత్యాల జిల్లా అభిమాని, డల్లాస్ నుంచి వీడియో ద్వారా కలిసిన మరో అభిమాని.)

సంధానకర్త: నమస్కారం. 2024 డిసెంబర్ 11న ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా అసాధారణ మహాసభ వీడియో ద్వారా సమావేశమై, 2030 ప్రపంచ కప్‌ను స్పెయిన్, పోర్చుగల్, మొరాకో దేశాలకు, 2034 ప్రపంచ కప్‌ను సౌదీ అరేబియాకు ఒకే పూటలో అప్పగించింది. రెండింటికీ పోటీదారులు లేరు. ఓట్ల లెక్కింపు కూడా జరగలేదు. సభ్య సమాఖ్యల ప్రతినిధులు కెమెరాల ముందు చప్పట్లు కొట్టి ఆమోదం తెలిపారు. ఈ ఎంపిక జరిగిన తీరు గురించి మాట్లాడుకుందాం. ముందుగా హైదరాబాద్ నుంచి వచ్చిన మిత్రులు.

హైదరాబాద్ అభిమాని: సౌదీ అరేబియా మంచి దేశమా, చెడ్డ దేశమా అన్న ప్రశ్నతో మొదలుపెడితే చర్చ పక్కదారి పడుతుంది కాబట్టి, నేను పద్ధతి గురించే మాట్లాడతాను. 2010 డిసెంబర్ 2న జ్యూరిక్‌లో కేవలం 22 మంది కార్యవర్గ సభ్యులు కూర్చుని 2018ని రష్యాకు, 2022ని ఖతర్‌కు ఇచ్చారు. చివరి విడతలో ఖతర్‌కు 14 ఓట్లు, అమెరికాకు 8 ఓట్లు వచ్చాయి. ఓటు వేయవలసినవారిలో ఇద్దరు అప్పటికే సస్పెండ్ అయి ఉన్నారు. ఆ తర్వాత జరిగిన విచారణలు, 2015 మేలో అదే జ్యూరిక్‌లో జరిగిన అరెస్టులు అందరికీ తెలిసినవే. ఆ మచ్చను తొలగించుకోవడానికే ఎంపిక అధికారాన్ని కార్యవర్గం నుంచి తీసి మహాసభకు అప్పగించారు. 2018 జూన్‌లో మాస్కోలో 2026 కోసం జరిగిన ఎన్నికలో అమెరికా, కెనడా, మెక్సికోల ఉత్తర అమెరికా ఉమ్మడి బిడ్‌కు 134 ఓట్లు, మొరాకోకు 65 ఓట్లు వచ్చాయి, ఏ దేశం ఎవరికి ఓటు వేసిందో కూడా ప్రకటించారు. ఫలితం నచ్చినా నచ్చకపోయినా, అది ఎన్నిక అని ఒప్పుకోవాలి. అంత మంచి పద్ధతిని ఒక్కసారి వాడి పక్కన పెట్టేశారన్నదే నా బాధ.

సంధానకర్త: పక్కన పెట్టారని ఎలా అంటున్నారు? అధికారికంగా నిర్ణయం మహాసభదే కదా?

హైదరాబాద్ అభిమాని: మహాసభ ముందుకు ఏది రావాలో ముందే తేలిపోయింది. 2023 అక్టోబర్ 4న, పాత కార్యవర్గం స్థానంలో వచ్చిన ఫిఫా కౌన్సిల్ 2030కి మూడు ఖండాల ఏర్పాటును ప్రకటించింది. 1930లో ఉరుగ్వేలో జరిగిన మొదటి ప్రపంచ కప్‌కు నూరేళ్లు నిండుతున్న సందర్భంగా ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వేలలో ఒక్కో మ్యాచ్, మిగిలినవన్నీ స్పెయిన్, పోర్చుగల్, మొరాకోలలో. 2026 ఉత్తర అమెరికాది. ఆతిథ్యం దక్కిన ఖండాలకు వెంటనే మళ్లీ ఇవ్వకూడదన్నది పద్ధతి. దాంతో యూరప్, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఉత్తర అమెరికా నాలుగూ పక్కకు పోయి, 2034కి ఆసియా, ఓషియానియా సమాఖ్యలే మిగిలాయి. ఆసక్తి తెలపడానికి అక్టోబర్ 31 వరకు, అంటే నెల కూడా లేని గడువు ఇచ్చారు. ఆస్ట్రేలియా ఆలోచించి ఆ చివరి రోజునే తప్పుకుంది. ఇంత పెద్ద టోర్నీకి ప్రభుత్వ హామీలు, స్టేడియాలు, నగరాల అంగీకారం కూడగట్టడానికి నెలలోపు సమయం ఇవ్వడమంటే, అప్పటికే సిద్ధంగా ఉన్నవారికి మాత్రమే తలుపు తెరవడం.

డల్లాస్ అభిమాని: ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తాను. ప్రపంచ కప్ చరిత్రలో ఆసియాకు దక్కినవి 2002, 2022 మాత్రమే. మొరాకో 1994, 1998, 2006, 2010, 2026 కోసం అయిదుసార్లు అడిగి అయిదుసార్లూ ఓడిపోయింది. మీరు మెచ్చుకుంటున్న ఎన్నికల్లో గెలుస్తున్నది డబ్బు, మార్కెట్, టెలివిజన్ వేళలు. మాస్కో ఓటింగ్‌లో ఉత్తర అమెరికా గెలవడానికి కూడా ఆదాయ అంచనాలే పెద్ద కారణం. ఖండాల మధ్య అవగాహనతో మొరాకోకు ఎట్టకేలకు అవకాశం వచ్చిందంటే దానిని నేను తప్పుపట్టలేను. ఇక సౌదీ విషయానికి వస్తే, 2022 నవంబర్ 22న ఖతర్‌లోని లుసైల్‌లో ఆ జట్టు అర్జెంటీనాను 2-1తో ఓడించిన రోజు స్టేడియంలో కనిపించిన జనసందోహాన్ని గుర్తు చేసుకోండి. డబ్బుతో కొనుక్కున్న అభిమానం అలా ఉండదు. మానవ హక్కుల ప్రశ్న లేవనెత్తేవారు, 1978లో సైనిక పాలన కింద ఉన్న అర్జెంటీనాలో కప్ ఎలా జరిగిందో కూడా చెప్పాలి. నేనుంటున్న అమెరికానే తీసుకోండి. 2025 జూన్‌లో వచ్చిన ప్రయాణ నిషేధంలో ఇరాన్, హైతీ జట్ల ఆటగాళ్లకు మినహాయింపు ఇచ్చారు, వాళ్ల అభిమానులకు ఇవ్వలేదు. అర్హత సాధించిన జట్టు దేశ ప్రజలకే ప్రవేశం లేని టోర్నీ జరిగే దేశంలో ఉంటూ నేను సౌదీకి నీతులు చెప్పలేను.

సంధానకర్త: జగిత్యాల నుంచి వచ్చిన మిత్రులు ఇంతసేపూ మౌనంగా వింటున్నారు. ఖతర్‌లో మీరు పనిచేసిన అనుభవంతో ఈ వాదనలను ఎలా చూస్తారు?

జగిత్యాల అభిమాని: నేను అక్కడ స్కాఫోల్డింగ్, అంటే కట్టడాల చుట్టూ పరంజా కట్టే పని చేశాను. మా జిల్లా నుంచి, నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు తీరడానికే మొదటి జీతాలన్నీ పోతాయి. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకపోతే వేరే కంపెనీకి మారలేము, తప్పించుకుని బయటపడితే ఖల్లివెల్లి, అంటే అక్రమంగా ఉంటున్నవాడన్న ముద్ర పడుతుంది. ఇలాంటి స్థితిలో ఖతర్‌కు ప్రపంచ కప్ వచ్చింది కాబట్టే ప్రపంచం మా వైపు చూసింది, అది నిజం. 2018లో దోహాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్యాలయం తెరిచింది. 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021 నుంచి నెలకు 1000 రియాల్‌ల కనీస వేతనం, వసతి ఇవ్వకపోతే మరో 500, భోజనం ఇవ్వకపోతే మరో 300 అమలులోకి వచ్చాయి. వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన కూడా ఆ ఏడాదిదే. అయితే ఈ తేదీలను నిర్మాణాల పక్కన పెట్టి చూడండి. ఎంపిక 2010లో జరిగింది. చట్టాలు మారేనాటికి స్టేడియాల కాంక్రీటు పని దాదాపుగా పూర్తయింది.

హైదరాబాద్ అభిమాని: 6,500 మంది చనిపోయారన్న లెక్క కూడా ఉంది కదా?

జగిత్యాల అభిమాని: ఆ అంకెను జాగ్రత్తగా వాడాలని కోరుతున్నాను. 2021లో గార్డియన్ పత్రిక ప్రచురించిన ఆ లెక్క భారత్, పాకిస్థాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక దేశాల నుంచి వెళ్లి, కప్ కేటాయించిన నాటి నుంచి ఖతర్‌లో అన్ని రకాల కారణాలతో చనిపోయినవారిది. వాళ్లందరూ స్టేడియాలు కట్టినవారు కారు. మరోవైపు నిర్వాహకుల లెక్కలో స్టేడియం పనుల్లో పని కారణంగా జరిగిన మరణాలు మూడు మాత్రమే. 2022 నవంబర్‌లో వాళ్ల ప్రధాన ప్రతినిధే ఒక ఇంటర్వ్యూలో, కప్‌కు సంబంధించిన పనులన్నిటిలో కలిపి 400 నుంచి 500 మధ్య అన్నారు. మూడు, అయిదు వందలు, ఆరున్నర వేలు అంటూ ఒకే ప్రశ్నకు ఇన్ని జవాబులు రావడానికి కారణం ఏమిటంటే, చాలా మరణాలను సహజ మరణమనీ గుండె ఆగిపోయిందనీ రాసి, శవపరీక్ష లేకుండానే పెట్టెలో పెట్టి పంపించేశారు. ముప్పయ్యేళ్ల మనిషి పగలంతా ఎండలో పనిచేసి రాత్రి క్యాంపులో నిద్రలో చనిపోతే, అది సహజమరణం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కారణం రాయకపోతే పరిహారం రాదు. కుటుంబానికి మిగిలేది అప్పు.

డల్లాస్ అభిమాని: మీ బాధను నేను పూర్తిగా గౌరవిస్తున్నాను. అయితే మీరు చెప్పినదాని ప్రకారమే, కప్ రాకపోయి ఉంటే ఆ చట్టాలు కూడా వచ్చేవి కావు కదా? సౌదీకి ఇవ్వడం వల్ల అక్కడ కూడా అదే మార్పు వస్తుందని ఎందుకు ఆశించకూడదు?

జగిత్యాల అభిమాని: సౌదీకి ఇవ్వవద్దని నేను అనడం లేదు. రియాద్, అల్ ఖోబర్, జెడ్డాలలో మా ఊళ్లవాళ్లు ఇప్పటికే ఉన్నారు. కప్ వచ్చినా రాకపోయినా వెళ్తూనే ఉంటారు, ఎందుకంటే ఇంటి దగ్గర అంత జీతం వచ్చే పని లేదు. పాశ్చాత్య దేశాల అభిమానులు బహిష్కరణ గురించి మాట్లాడినప్పుడు నాకు కోపం వచ్చేది. దోహా పారిశ్రామిక ప్రాంతంలోని ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద తెరపై మ్యాచ్‌లు చూసిన వేలాది కార్మికులు ఆ టోర్నీ తమది కూడా అనుకున్నారు. నేను అడుగుతున్నది వేరు. ఆతిథ్యం కావాలని ఒక దేశం అడుగుతున్నప్పుడు, ఇంకా ఇవ్వకముందు, ఫిఫా ఏ షరతు పెట్టినా ఆ దేశం వింటుంది. ఇచ్చేసిన తర్వాత పెట్టే షరతు, బయానా చేతికిచ్చాక ధర గురించి బేరమాడినట్లు ఉంటుంది.

హైదరాబాద్ అభిమాని: మా ఇద్దరి వాదనలూ కలిసే చోటు ఇదే. రెండో అభ్యర్థి ఉంటే, వాడికంటే మెరుగైన కార్మిక హామీ ఇవ్వాలన్న ఒత్తిడి మొదటి అభ్యర్థిపై ఉంటుంది. ఒక్కరే అభ్యర్థి అయినప్పుడు మూల్యాంకనం లాంఛనమైపోతుంది. ఫిఫా నివేదికలో సౌదీ బిడ్‌కు 500కు 419.8 మార్కులు వేసి, మానవ హక్కుల విషయంలో ప్రమాదస్థాయిని మధ్యస్థంగా నమోదు చేశారు. అయిదు నగరాల్లో 15 స్టేడియాలు, అందులో ఎనిమిది ఒక్క రియాద్‌లోనే, సౌదీ కొత్తగా తలపెట్టిన నగరం నియోమ్‌లో నేలకు 350 మీటర్ల ఎత్తున మరొకటి ప్రతిపాదించారు. వీటిలో చాలావరకు ఇంకా కట్టవలసినవే. ఇంత నిర్మాణం వలస కార్మికుల చేతుల మీదుగా జరగబోతున్నప్పుడు ఆ ప్రమాదం మధ్యస్థం ఎలా అవుతుంది? నార్వే సమాఖ్య ఈ ఎంపిక పద్ధతిపై తన అభ్యంతరాన్ని లేఖ ద్వారా నమోదు చేసింది. ఓటింగే జరిగి ఉంటే, మిగిలిన దేశాలు ఏమనుకున్నాయో కూడా మనకు తెలిసేది. మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వైఖరి ఏమిటో కూడా తెలిసేది.

సంధానకర్త: వాతావరణం, క్యాలెండర్ మాటేమిటి?

డల్లాస్ అభిమాని: అది నిజంగా చిక్కే, ఒప్పుకుంటాను. వేసవిలో ఆడించలేరు. 2034లో రంజాన్ మాసం నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య వరకు వస్తుంది, అదే సమయంలో రియాద్‌లో ఆసియా క్రీడలు ఉన్నాయి. ఫిబ్రవరిలో సాల్ట్ లేక్ సిటీలో శీతాకాల ఒలింపిక్స్. బిడ్ ఆమోదించిన రోజున టోర్నీ ఏ నెలలో జరుగుతుందో తేల్చలేదు. 48 జట్లు, 104 మ్యాచ్‌ల టోర్నీకి నెల తెలియకుండా ఆతిథ్యం ఇవ్వడం సరికాదు.

సంధానకర్త: భారత్ గురించి ఒక్కమాట. మనమెందుకు అడగడం లేదని చాలామంది ప్రేక్షకులు ప్రశ్నిస్తుంటారు.

హైదరాబాద్ అభిమాని: 2017 అండర్-17 ప్రపంచ కప్‌ను కోల్‌కతా, ఢిల్లీ, గోవా, కొచ్చి, గువాహటి, నవీ ముంబైలలో నిర్వహించి 13 లక్షలకు పైగా ప్రేక్షకులతో రికార్డు సృష్టించాం. భారత జట్టు ప్రసిద్ధ కోచ్ రహీం సాబ్ ఊరైన హైదరాబాద్‌కు అందులో ఒక్క మ్యాచ్ కూడా రాలేదన్నది నాకు ఇప్పటికీ లోటే. ఆ తర్వాత 2027 ఫుట్‌బాల్ ఆసియా కప్ బిడ్ నుంచి 2022 డిసెంబర్‌లో మనం తప్పుకున్నాం. దాంతో ఆ టోర్నీకి కూడా సౌదీ ఒక్కటే మిగిలింది. పోటీ లేదని ఫిర్యాదు చేసే మనం, పోటీలో నిలబడే అవకాశాన్ని వదులుకున్న సంగతి కూడా చెప్పుకోవాలి.

సంధానకర్త: 2034కి ఇంకా సమయం ఉంది. ఇప్పుడైనా చేయగలిగినది ఏమిటి?

జగిత్యాల అభిమాని: ఖతర్ టోర్నీకి ముందు మానవ హక్కుల సంఘాలు, బహుమతి మొత్తానికి సమానంగా 44 కోట్ల డాలర్లతో కార్మికుల పరిహార నిధి పెట్టాలని ఫిఫాను అడిగాయి. అది జరగలేదు. 2024 చివర్లో ప్రకటించిన 5 కోట్ల డాలర్ల వారసత్వ నిధి ఆరోగ్యానికి, శరణార్థులకు, వ్యాపార శిక్షణకు వెళ్లింది. అవి మంచి పనులే, కానీ భర్తను పోగొట్టుకున్న స్త్రీకి అందులో ఒక్క రూపాయి రాదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. కట్టించుకున్నవాళ్లు ఇవ్వవలసినది ఇక్కడి ప్రభుత్వం ఇస్తోందన్నమాట. సౌదీలో మొదటి పునాది నుంచే ప్రతి మరణానికి కారణం తేల్చే విచారణ, ఏజెంటుకు కట్టిన డబ్బు తిరిగి ఇప్పించే ఏర్పాటు, పరిహార నిధి ఉండాలి. అవి హామీ పత్రంలో కాక, కాంట్రాక్టు పత్రంలో ఉండాలి.

డల్లాస్ అభిమాని: దీనిని నేను సమర్థిస్తాను. అయితే ఇవే షరతులు స్పెయిన్‌కూ, మొరాకోకూ, 2038లో రాబోయే ఏ దేశానికైనా వర్తించాలి. గల్ఫ్‌కు మాత్రమే పెడితే అది వివక్ష అవుతుంది.

హైదరాబాద్ అభిమాని: వర్తించాలి. దానితోపాటు, అభ్యర్థి ఒక్కరే అయినా సరే, ప్రతి సమాఖ్యా అవునో కాదో పేరుతో సహా ఓటు వేయాలి. సగానికి పైగా కాదంటే గడువు పెంచి మళ్లీ బిడ్‌లు పిలవాలి. నియమావళిలో ఈ మార్పు కోరుతూ మన సమాఖ్య వచ్చే మహాసభలో ప్రతిపాదన పెట్టవచ్చు.

డల్లాస్ అభిమాని: మొరాకోకు ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోనంతవరకు, అందుకు నాకు అభ్యంతరం లేదు.