31 గోల్స్ పడ్డ గోల్‌కీపర్: ఈ కథకి అసలు హీరో ఆయనే

మ్యాచ్ అయిపోయేసరికి స్కోర్‌బోర్డు మీద 32 అని ఉంది. నిజంగా పడ్డవి 31. బోర్డు దగ్గర కూర్చున్నవాళ్లకే లెక్క తప్పింది. చివరికి రిఫరీ తను రాసుకున్నది చూసుకుని, కాదు, 31 అని తేల్చాడు. 2001 ఏప్రిల్ 11, ఆస్ట్రేలియాలో కాఫ్స్ హార్బర్ అనే ఊరు. వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. ఆస్ట్రేలియా 31, అమెరికన్ సమోవా 0.

నమస్తే అండీ, బెజవాడ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ మనం చెప్పుకోబోయే సినిమా 'నెక్స్ట్ గోల్ విన్స్'. 2023లో వచ్చింది. డైరెక్టర్ టైకా వైటిటి. ఆ 31 గోల్స్ తర్వాత పదేళ్లకి, అంటే 2011లో, అదే టీమ్‌కి ఏం జరిగిందనేది కథ. జరిగిన కథే, కామెడీగా తీశారు. నేను నవ్వాను, రెండు మూడు చోట్ల కళ్లు కూడా చెమర్చాయి. అయినా ఈ సినిమా మీద నాకో కోపం ఉంది. ఆ కోపం ఎందుకో చెప్పాలంటే ముందు అసలు కథ చెప్పాలి.

అమెరికన్ సమోవా అంటే పసిఫిక్ సముద్రం మధ్యలో కొన్ని చిన్న దీవులు. 2010 లెక్కల్లో అక్కడి జనాభా 55 వేల పైచిలుకు. మన తెనాలి టౌన్‌లో మూడో వంతు అనుకోండి. అమెరికా అధీనంలో ఉంటాయి కానీ ఫుట్‌బాల్‌లో వాళ్లది వేరే జట్టు. 2001లో ఆస్ట్రేలియా వెళ్లాల్సిన టైంకి ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే సంస్థ ఫిఫా ఏమందంటే, అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లే ఆడాలి అంది. దాంతో టీమ్‌లో ఒక్కడు తప్ప మిగతా అందరూ అనర్హులైపోయారు. పోనీ అండర్-20 కుర్రాళ్లని తీసుకెళ్దామంటే వాళ్లలో చాలామందికి స్కూల్ పరీక్షలు. చివరికి దొరికిన పిల్లల్ని దొరికినట్టు పోగేసుకుని విమానం ఎక్కారు. అందులో పదిహేనేళ్లవాళ్లు ముగ్గురు. పూర్తి తొంభై నిమిషాలు ఎప్పుడూ ఆడని పిల్లలు కూడా ఉన్నారు.

అసలు టీమ్ నుంచి మిగిలిన ఆ ఒక్కడూ గోల్‌కీపర్. పేరు నికీ సలాపు. వయసు ఇరవై.

ఇక్కడ కాస్త ఆగండి. మొదటి పది నిమిషాలు ఒక్క గోల్ కూడా పడలేదు. వచ్చిన బంతిని వచ్చినట్టు ఆపుతూనే ఉన్నాడు సలాపు. పదో నిమిషంలో కార్నర్ నుంచి మొదటి గోల్ పడింది. ఇక ఆ తర్వాత ఆగలేదు. హాఫ్ టైంకి 16. ఆర్చీ థాంప్సన్ ఒక్కడే 13 గోల్స్ కొట్టాడు, ఇంకొకతను 8. అమెరికన్ సమోవా పిల్లలు అవతలి గోల్ వైపు మొదటిసారి గట్టిగా బంతి తన్నింది 86వ నిమిషంలో. దాన్ని కూడా ఆస్ట్రేలియా కీపర్ పట్టేసుకున్నాడు.

రికార్డు పుస్తకాల్లో థాంప్సన్ పేరు పక్కన 13 ఉంది. సలాపు ఎన్ని ఆపాడన్నది మాత్రం ఎవరూ చెప్పుకోరు. ఆ పిల్లల వెనకాల ఇంకొకరెవరైనా నిలబడి ఉంటే ఆ స్కోరు ఎక్కడిదాకా పోయేదో ఒక్కసారి ఆలోచించండి.

మొన్నొక సాయంత్రం మా ఏరియా గ్రౌండ్‌లో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూస్తూ నిలబడ్డాను. గోల్‌లో ఉన్నవాడికి పదేళ్లుంటాయేమో. చేతులకి క్రికెట్ కీపింగ్ గ్లౌజులు, అవి కూడా పెద్దవాళ్లవి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు చుట్టుకున్నాడు. పక్కకి దూకి రెండు మంచి బంతులు ఆపాడు. మోకాలి నిండా ఎర్రమట్టి. ఆట అయ్యాక వాళ్ల నాన్న స్కూటర్ స్టార్ట్ చేస్తూ, "ఎన్ని గోల్స్ ఇచ్చావురా?" అన్నాడు. "ఐదు నాన్నా" అన్నాడు వాడు తల దించుకుని. ఆయన తప్పుగా ఏం అనలేదు, ప్రేమగానే అడిగాడు. కానీ ఎన్ని ఆపావురా అని అడిగి ఉంటే వాడి దగ్గర చెప్పడానికి బోలెడు ఉంది.

సలాపు దగ్గరికి వద్దాం. తర్వాత ఆయన అమెరికాలో సియాటెల్‌కి వెళ్లిపోయాడు. ఆ మ్యాచ్ మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇదే కథ మీద ఇదే పేరుతో 2014లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది, మైక్ బ్రెట్, స్టీవ్ జేమిసన్ తీశారు. అందులో ఒక సీన్ ఉంది. ఇంట్లో కూర్చుని వీడియో గేమ్‌లో ఆస్ట్రేలియా మీద తన దేశాన్ని ఆడిస్తుంటాడు, అవతలి టీమ్‌ని ఆడించేవాళ్లు లేకుండా. గోల్ మీద గోల్ కొడుతూనే ఉంటాడు. చూస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు అయిపోతుంది అండీ.

అలాంటి మనిషి 2011లో మళ్లీ వచ్చి అదే చొక్కా వేసుకుని అదే గోల్‌లో నిలబడ్డాడు. అప్పటికి వాళ్లు ఫిఫా ర్యాంకుల్లో అట్టడుగున ఉన్నారు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య ఒక కోచ్‌ని పంపింది, హాలండ్‌లో పుట్టిన థామస్ రాంగెన్. ఆయనకి దొరికింది కొన్ని వారాలు మాత్రమే. 2011 నవంబర్‌లో, పక్కదేశం సమోవాలోని ఆపియాలో టోంగాతో మ్యాచ్. 43వ నిమిషంలో రామిన్ ఓట్ దూరం నుంచి కొట్టిన బంతి కీపర్ చేతుల్లోంచి జారి గోల్‌లో పడింది. 74వ నిమిషంలో షాలోమ్ లువానీ ఇంకోటి కొట్టాడు. ఈ లువానీ తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్ అనే వేరే ఆటలోకి వెళ్లి, దాని పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడాడు, అది ఇంకో వీడియోకి సరిపడే కథ. 88వ నిమిషంలో టోంగా ఒకటి తిరిగి కొట్టింది. ఆ చివరి నిమిషాలు గోల్‌లో ఉన్నది ఎవరు? పదేళ్ల క్రితం 31 చూసిన సలాపు. 2-1తో గెలిచారు. ఫిఫా గుర్తించిన మ్యాచ్‌ల్లో వాళ్ల మొట్టమొదటి గెలుపు అది.

ఇప్పుడు నా కోపం సంగతి. ఇంత గొప్ప మనిషి కథలోనే ఉంటే, సినిమా మాత్రం కోచ్ వెంట తిరుగుతుంది. మైఖేల్ ఫాస్‌బెండర్ రాంగెన్‌గా వేశాడు, మంచి నటుడే, కాదనను. తాగుడు, భార్యతో ఎడబాటు, కోపం, కూతుర్ని పోగొట్టుకున్న బాధ, అన్నీ ఆయనకే. హాఫ్ టైంలో ఆటగాళ్లకి కూతురి సంగతి చెప్పే సీన్ బాగుంది కూడా. కానీ ఆ గదిలోనే సలాపు కూర్చుని ఉన్నాడు కదా! ఆయన గుండెల్లో ఉన్నదాన్ని పూర్తిగా బయటికి తీసే సీన్ ఏది? బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి బాగుపడటానికి ఊరివాళ్లంతా సాయం చేసినట్టు తయారైంది కథ.

క్లైమాక్స్ ఇంకా బాధనిపించింది. మ్యాచ్ జరుగుతుండగా ఫుట్‌బాల్ సంఘం పెద్ద తవీటా స్పృహ తప్పి పడిపోతాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకి కొడుకు చెబుతుంటే మనం చూస్తాం. నవ్వు కోసం చేశారు, థియేటర్లో నవ్వు వస్తుంది కూడా. కానీ పదేళ్లు ఎదురుచూసిన ఆ నిమిషాలని సలాపు పక్కన నిలబడి, ఊపిరి బిగబట్టి చూడాలి మనం. ఇంకొకరు చెబితే వినాల్సిన నిమిషాలు కావు అవి.

మరి బాగున్నవి లేవా? ఉన్నాయి. తవీటాగా వేసిన ఆస్కర్ కైట్లీని చూడటానికైనా ఈ సినిమా చూడొచ్చు. ఆయన కోచ్‌ని అడిగే కోరిక ఏంటో తెలుసా? గెలిపించమని కాదు. ఒక్క గోల్, ఒక్కటంటే ఒక్కటి కొట్టించమంటాడు. ఎంత చిన్న కోరికో అంత పెద్ద ఆశ. సినిమాలో అసలైన కామెడీ అక్కడుంది. పందెం ఓడి ముఖం మీద బొమ్మలు గీయించుకుని తిరిగే సీన్లకంటే ఆ ఒక్క మాట నన్ను ఎక్కువ నవ్వించింది, ఎక్కువ ఏడిపించింది.

ఇంకొకరు జాయియా సైలువా. టోంగా మ్యాచ్‌లో డిఫెన్స్ మధ్యలో నిలబడి ఆడింది. పురుషుల వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో ఆడిన మొదటి ట్రాన్స్‌జెండర్ క్రీడాకారిణిగా ఆమెకి పేరు. సమోవా సమాజంలో అలాంటివాళ్లకి తరతరాలుగా ఒక చోటు ఉంది, వాళ్లని ఫాఫాఫినే అంటారు. టీమ్‌లో ఎవరూ ఆమెని వేరుగా చూడలేదు. ఆమె పాత్ర వేసిన కైమానా కొత్త నటి, కళ్లతోనే నటించింది. సినిమాలో కోచ్ ఆమెని మొదట అవమానిస్తాడు. డాక్యుమెంటరీ చూస్తే అసలు రాంగెన్ ఆమెని ఎంత గౌరవంగా చూశాడో తెలుస్తుంది. ఉన్న మంచిని తీసేసి లేని గొడవ పెట్టాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఇదంతా చూశాక నాకు మనవాళ్లే గుర్తొచ్చారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్. మన ఇండియా టీమ్ చలిలో, చాలామంది బూట్లు లేకుండా, యుగోస్లావియా మీద 10-1తో ఓడిపోయింది. కోచ్ హైదరాబాద్ మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీం. స్కూల్ టీచర్‌గా పనిచేసినవాడు. ఆ తర్వాత నాలుగేళ్లకి, 1956లో మెల్‌బోర్న్‌లో, ఆయన టీమే ఆస్ట్రేలియాని వాళ్ల సొంతగడ్డ మీద 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచాం. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు.

ఆ 1956 టీమ్‌లో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేకపోతే సైకిల్ అద్దెకి రహీం సాబే ఇచ్చేవారని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. రహీం మీద 2024లో హిందీలో 'మైదాన్' వచ్చింది, అజయ్ దేవగణ్ చేశాడు. గంభీరమైన సినిమా. నాకు మాత్రం తెలుగులో, హైదరాబాదీ యాసతో, మనసారా నవ్విస్తూ ఆ కుర్రాళ్ల సినిమా చూడాలని ఉంది. అద్దె సైకిల్ మీద ప్రాక్టీసుకి పోయే బలరాం, మొదటిసారి బూట్లు వేసుకుని కాళ్లు బొబ్బలెక్కిన ఆటగాళ్లు, వాళ్ల మధ్య పంతులుగారు. కోచ్ ఒక్కడి కథ కాకుండా పదకొండు మంది కథ అవ్వాలి అది. ఎవరైనా రచయితలు ఈ వీడియో చూస్తుంటే దయచేసి ఆలోచించండి.

చూడాలనుకునేవాళ్లకి నా మాట: ముందు 2014 డాక్యుమెంటరీ చూడండి, తర్వాత సినిమా. పిల్లలతో కలిసి చూడొచ్చు, కాస్త బూతు మాటలున్నాయి, ఆ ఒక్కటి చూసుకోండి.

ఇంకో సంగతి. 1965-66లో సంతోష్ ట్రోఫీ, అంటే మన రాష్ట్రాల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీ, ఆంధ్రప్రదేశ్ గెలిచింది. వచ్చే వీడియో దాని మీదే చేద్దామనుకుంటున్నాను. ఆ రోజుల్లో గుంటూరు ఏసీ కాలేజీలోనో, ఇక్కడ లయోలాలోనో ఫుట్‌బాల్ ఆడిన తాతయ్యలు, బాబాయిలు మీ ఇళ్లలో ఉంటే వాళ్లనడిగి కింద కామెంట్లలో రాయండి. ముఖ్యంగా గోల్‌లో నిలబడినవాళ్లయితే.